మూడు నిమిషాల పది సెకన్లు

పాకం దగ్గరపడే వేళ యానిక్‌ని ఎవరూ పలకరించరు. మంచం పొడవుండే పెనం పక్కన అతను గరిటె పైకెత్తి నిలబడతాడు. దాని అంచునుంచి పాకం బొట్లుబొట్లుగా కాకుండా సన్నని తెరలా జారిందంటే అదే అదును. ఒక్క నిమిషం ఆలస్యమైతే పొద్దుటినుంచీ కాగిన మేపుల్ చెట్ల రసమంతా మాడి బొగ్గవుతుంది. ఆ మార్చి శనివారం మధ్యాహ్నం కూడా అతను అలాగే నిలబడి ఉన్నాడు. గోడకి అవతల భోజనశాలలో రెండో పంక్తి కూచుంది. క్యుబెక్ నగరం నుంచి రెండు బస్సుల జనం వచ్చారు. బఠాణీ సూపు, హామ్, బీన్స్, వాటిమీద ధారగా కొత్త పాకం. వయోలిన్ వాయించేవాడు బల్లమీద కాలితో తాళం వేస్తుంటే గిన్నెలు అదురుతున్నాయి.

వంటగదికీ భోజనశాలకీ మధ్య చిన్న గదిలో జొసెట్ పిల్లల్ని పెట్టుకుని కూచుంది. మంచు కరిగే ఈ ఆరు వారాలూ పాకం కాచే ఈ చక్కెర పాకలోనూ, మిగతా ఏడాదంతా తన ఇంట్లోనూ పిల్లల్ని చూసుకోవడం ఆమె పని. పద్నాలుగేళ్లుగా అదే పని. ఊళ్లో ఇప్పుడు మీసాలొస్తున్నవాళ్లు కొందరు ఆమె ఒళ్లో నిద్రపోయినవాళ్లే.

యానిక్ కూతురు ఒడీల్‌కి పంతొమ్మిది నెలలు. పొద్దుటినుంచీ ఒళ్లు వెచ్చగా ఉంది. ముక్కు కారుతోంది. పది గంటలకి తల్లి మైలెన్ వచ్చి జ్వరం మందు పట్టింది.

"రెండో పంక్తి లేవగానే ఇంటికి తీసుకుపోతాను జొసెట్. అందాకా చూస్తావుగా?" అంటూనే జవాబు కోసం ఆగకుండా బీన్స్ గిన్నెలు ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఒడీల్ జొసెట్ చూపుడువేలు పట్టుకుని ఒళ్లో కునుకుతోంది. మిగతా ఇద్దరు పిల్లలు ఖాళీ డబ్బాలు ఒకదానిమీద ఒకటి పేర్చి పడగొడుతున్నారు. ఉన్నట్టుండి ఒడీల్ పిడికిలి బిగిసింది. నిద్రలో పట్టుకుందేమో అనుకుంది జొసెట్. అంతలో మెడ వెనక్కి వాలింది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని చూపు లేదు. ఒళ్లంతా కర్రలా బిగుసుకుని, ఆ తర్వాత చేతులూ కాళ్లూ కొట్టుకోవడం మొదలైంది.

జొసెట్ గోడగడియారం వంక చూసింది. పన్నెండూ నలభై రెండు. లేచి, తన శాలువా నేలమీద పరిచి, పిల్లని దానిమీద ఎడమపక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టింది. దగ్గరున్న బెంచీని కాలితో దూరంగా నెట్టింది. గొంతు దగ్గర గుండీ విప్పింది. చొంగ బయటికి కారిపోయేలా గడ్డం కాస్త కిందికి వంచింది. ఆ తర్వాత చేతులు తీసేసి మోకాళ్లమీద కూచుంది.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి," అంది గుమ్మంవైపు తిరిగి.

మైలెన్ చేతిలో గిన్నెలు గుమ్మంలోనే జారిపడ్డాయి. వంటగదిలోనుంచి ఆమె అత్తగారు ఎర్నెస్టిన్ వచ్చింది. డెబ్భై ఒకటి ఆమెకి. ఈ పాకకి యజమాని ఆమే. మంచుమీద పోసిన ముదురు పాకాన్ని చుట్టుకుని తినే చెక్కపుల్లల కట్ట ఆమె ఎప్రన్ జేబులో ఉంది. ఒక్క చూపు చూసి, ఒక పుల్ల లాగి మోకాళ్లమీద కూలబడింది.

"నాలుక మింగేస్తుంది! నోరు తెరవండి!"

పుల్ల పిల్ల పళ్లదాకా వచ్చింది. జొసెట్ ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దు."

"వదులు! చచ్చిపోతోందే అది!"

జొసెట్ వదలలేదు. తోసింది. పెద్దావిడ వెనక్కి తూలి బెంచీమీద పడింది. గుమ్మంలో మూగిన బస్సుల జనం హమ్మో అన్నారు. వయోలిన్ ఆగిపోయింది. ఎర్నెస్టిన్ తమ్ముడు ఫెర్నాన్ పెరట్లోనుంచి బకెట్‌నిండా మంచు తెచ్చాడు. జ్వరం దిగాలంటే పిల్లని మంచులో కూరాలన్నాడు. జొసెట్ తన వీపు అడ్డం పెట్టి బకెట్‌ని మడమతో తన్నింది. మంచు అంతా గచ్చుమీద పడింది. యానిక్ పెనం వదిలేసి వచ్చాడు. అతని వెనకే మాడు వాసన కూడా లోపలికొచ్చింది.

జొసెట్ ఎవరివంకా చూడలేదు. సెకన్ల ముల్లునూ పిల్ల పెదాల రంగునూ మార్చి మార్చి చూస్తోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి గాని మాట బయటికి రావడంలేదు. పన్నెండూ నలభై అయిదు దాటి సెకన్ల ముల్లు రెండు అంకె దగ్గరికి రాగానే ఒడీల్ చేతులు ఆగాయి. ఒళ్లు మెత్తబడింది. గురక లాంటి ఊపిరి ఒకటి, ఇంకొకటి. పెదాలకి మళ్లీ రంగొచ్చింది. అప్పుడు జొసెట్ పిల్ల వీపుమీద అరచెయ్యి వేసింది.

ఇరవై అయిదు నిమిషాలకి అంబులెన్సు బురదరోడ్డు ఎక్కి వచ్చింది. లోపలికొచ్చిన కుర్రాడు మొదట అడిగింది ఒకటే.

"ఎంతసేపు?"

"మూడు నిమిషాల పది సెకన్లు," అంది జొసెట్.

అతను రాసుకున్నాడు. బెంచీమీద మణికట్టు రుద్దుకుంటూ కూచున్న ఎర్నెస్టిన్ ఆ మాట విని తలెత్తింది.

ఆదివారం పొద్దున ఆరింటికి జొసెట్ వచ్చేసరికి పిల్లల గదిలో పొరుగింటి అమ్మాయి కూచుని ఉంది. ఎర్నెస్టిన్ పొయ్యి దగ్గరే నిలబడి, వెనక్కి తిరగకుండా మాట్లాడింది.

"నువ్వు గిన్నెల దగ్గర ఉండు. ముందు ఆ పెనం తోము."

"ఒడీల్ ఎలా ఉంది, మదాం ఎర్నెస్టిన్?"

"రాత్రే ఇంటికి తెచ్చారు. చెవిలో చీము పట్టిందట. జ్వరం ఒక్కసారిగా పెరిగితే పిల్లలకి అలా వస్తుందట. ఆరు నెలలనుంచి అయిదేళ్ల లోపు వాళ్లలో మామూలేనట. దేవుడి దయ."

"డాక్టరు ఇంకేమన్నాడు?"

ఎర్నెస్టిన్ అప్పుడు తిరిగింది.

"పక్కకి పడుకోబెట్టినవాళ్లెవరో బాగా చేశారన్నాడు. నోట్లో ఏమీ పెట్టకూడదన్నాడు. సరే. ఆ డాక్టరు పిల్లని ఎప్పుడు చూశాడు? అంతా అయిపోయి, బొమ్మతో ఆడుకుంటుండగా చూశాడు. ఆ మూడు నిమిషాలూ చూసింది నేను. నేను ముప్ఫయ్యేళ్లు చర్చిలో ముందు వరసలో కూచున్నదాన్ని, నా పాకలో నా జనం ముందు నన్ను బెంచీమీదకి తోశావు. తోసి, గడియారం చూసుకుంటూ కూచున్నావు. సెకన్లతో సహా చెప్పావు. గుడ్డు ఉడకబెడుతున్నట్టు!"

జొసెట్ కోటు తీసి మేకుకి తగిలించి పెనం దగ్గరికి వెళ్లింది.

పెనం అడుగున మాడు నల్లటి అద్దంలా అతుక్కుంది. దాన్ని ఇనుముతో గీకితే తగరం పూత పోతుంది. అందుకని వెనిగర్ కలిపిన వేడినీళ్లు పోసి నానబెట్టి, చెక్క అట్లకాడతో ఒక అంగుళం తర్వాత ఒక అంగుళం లేపాలి. జొసెట్ చేతులు మోచేతులదాకా ఎర్రబడ్డాయి. గోడ అవతల పిల్లలు డబ్బాలు పడగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో ఒకరు ఏడిస్తే ఆమె చెయ్యి దానంతటదే ఆగుతోంది. ఆ అమ్మాయి లేచి వెళ్తుందా లేదా అని చెవి అటే పడుతోంది.

పదింటివేళ ఫెర్నాన్ ఒక కప్పు తెచ్చి పెనం అంచుమీద పెట్టాడు. వేడి మేపుల్ రసంలో టీ ఆకు వేసి కాచాడు. ఏ పొయ్యిదగ్గరినుంచైనా ఏదో ఒకటి దొంగతనంగా కాచుకురావడం అతని అలవాటు.

"నా బకెట్ తన్నావు," అన్నాడు.

"తన్నాను."

"నలభయ్యేళ్లనుంచి వాడుతున్నాను దాన్ని. ఇంతవరకు ఒక్క ఆవు కూడా తన్నలేదు."

ఆమెకి నవ్వు రాబోయి ఆగింది. "మంచులో పెడితే పిల్ల వణికిపోతుంది ఫెర్నాన్. వణుకుతో జ్వరం ఇంకా పెరుగుతుంది."

"మరి ఆ మాట అప్పుడెందుకు చెప్పలేదు? తన్నితే నాకేం తెలుస్తుంది? ఆవు తన్నినా ఎందుకో చెప్పదు."

అతను నవ్వుతూనే అన్నాడు. అయినా అతను వెళ్లిపోయాక ఆ మాట కప్పు పక్కనే ఉండిపోయింది. టీ చల్లారేదాకా జొసెట్ దాన్ని తాకలేదు.

సోమవారం సాయంత్రం మిగతా ఇద్దరు పిల్లల్లో ఒకడి తల్లి ఫోన్ చేసింది. పాకం రోజులు అయిపోయాక కొడుకుని జొసెట్ ఇంటికి పంపే విషయం కాస్త ఆలోచించుకుంటానంది. "నువ్వు మంచిదానివే, జొసెట్. కాని మదాం ఎర్నెస్టిన్ చెప్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. పిల్ల కింద పడి కొట్టుకుంటుంటే ఒక మనిషి చేతులు కట్టుకుని కూచోవడం... నాకు కళ్లకు కట్టినట్టుంది." జొసెట్ సరేనంది. ఫోన్ పెట్టాక, మధ్యగదిలో పిల్లల కోసం వేసిన మూడు చిన్న కుర్చీల దగ్గర కాసేపు నిలబడింది. ఊరు చిన్నది. ఒకరు ఆలోచించుకుంటానంటే మరో వారానికి అందరూ ఆలోచించుకుంటారు. మే నెలకి ఈ కుర్చీల్లో కూచునేవాళ్లు ఉండరు.

మంగళవారం పాకలో పని లేదు. రాత్రి నీళ్లు గడ్డకట్టేంత చలి లేదు. చెట్లలో రసం ఆగిపోయింది. జొసెట్ కోటు వేసుకుని మైలెన్ ఇంటికి నడిచింది. దారంతా మాటలు సర్దుకుంది. చర్చి హాల్లో రెడ్‌క్రాస్‌వాళ్లు పెట్టిన తరగతికి మూడుసార్లు వెళ్లిన సంగతి చెప్పాలి. పళ్లమధ్య కర్ర పెడితే పన్ను విరిగి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని చెప్పాలి. నాలుకని ఎవరూ మింగలేరని చెప్పాలి. అయిదు నిమిషాలు దాటితే ప్రమాదం గనకే గడియారం చూడాలని, అది తెలిసే చూశానని చెప్పాలి. ఇంత చేస్తే నన్ను గిన్నెల దగ్గర కూచోబెట్టారని, నీకు తెలిసి కూడా ఒక్క మాట మాట్లాడలేదేమని అడగాలి.

తలుపు తీసిన మైలెన్ కళ్లకింద నల్లగా ఉంది. జుట్టు దువ్వుకోలేదు. ఒడీల్ నేలమీద రగ్గుమీద కూచుని ఒక మేజోడు విప్పే పనిలో ఉంది. జొసెట్‌ని చూడగానే చేతులు చాపింది.

"ఎత్తుకో," అంది మైలెన్. "పొద్దుటినుంచీ నీ పేరే. జో, జో అని."

జొసెట్ ఎత్తుకుంది. పిల్ల తల ఆమె మెడ దగ్గర చోటు చూసుకుని ఆనింది. ఇప్పుడు ఒళ్లు చల్లగా ఉంది. దారిలో సర్దుకున్న మాటల్లో సగం అక్కడే పోయాయి.

"నిద్రపోవట్లేదా నువ్వు?"

"ఎలా పోతాను? దాని ఛాతీమీద చెయ్యి వేసుకుని కూచుంటున్నాను. యానిక్ తిడుతున్నాడు. నువ్వు నిద్రపోకపోతే దానికేం మేలని." మైలెన్ కుర్చీలో కూలబడింది. "నువ్వు చేసింది తప్పని నేను ఎవరితోనూ అనలేదు జొసెట్."

"ఒప్పని కూడా అనలేదు."

"అనలేదు."

"ఎందుకు?"

మైలెన్ మేజోడు తీసి మోకాలిమీద పెట్టుకుని చేత్తో సాపు చేసింది.

"డాక్టరు చెప్పినప్పుడు మొదట సంతోషమేసింది. తర్వాత నీమీద కోపమొచ్చింది. అలాంటివి మామూలే అమ్మా, చూడ్డానికే భయంగా ఉంటుంది గాని పిల్లలు చావరు, అన్నాడాయన. అప్పుడు అనిపించింది. ఈ మాట జొసెట్‌కి ముందే తెలుసు. నేను గుమ్మంలో నిలబడి నా కూతురు చచ్చిపోవడం చూస్తున్నాను. మూడు నిమిషాలు. నువ్వు దగ్గరే ఉన్నావు. అది చావదని నీకు తెలుసు. ఆ మాట నీ దగ్గరే పెట్టుకున్నావు. ఒక్కసారైనా నా మొహం చూడలేదు."

గోడమీద ఎండ పడుతోంది. ఒడీల్ జొసెట్ చెవికమ్మ పట్టుకుని లాగుతోంది. జొసెట్ ఆ వేళ్లని విడిపించలేదు.

ఊళ్లో వాళ్లు వేసిన నింద అబద్ధం. దాన్ని మోసుకుంటూ నాలుగు రోజులు తలెత్తుకునే నడిచింది. ఇది వేరు. ఇది నిజం.

"నాకూ భయమేసింది," అంది చివరికి. "తరగతిలో చెప్పారు గాని నా చేతుల్లో ఎప్పుడూ జరగలేదు. లెక్కపెడుతున్నంతసేపూ నిలబడగలిగాను. నోరు తెరిస్తే లెక్క తప్పుతుందని... లెక్క తప్పితే నేను కూడా అరుస్తానని."

"నాకు చెప్పొచ్చుగా. మైలెన్, నువ్వు గడియారం చూడు అనొచ్చుగా. నాకు ఏదో ఒక పని ఇచ్చి ఉంటే..."

"అవును. ఇవ్వాల్సింది."

మైలెన్ ఒక్కసారి ఏడ్చింది. పెద్దగా ఏమీ కాదు. ఎప్పట్నుంచో తుమ్ము ఆపుకుంటున్న మనిషి తుమ్మినట్టు. మేజోడుతోనే మొహం తుడుచుకుంది.

"మళ్లీ వస్తుందా?"

అబద్ధం చెప్పడం సులువే. జొసెట్ చెప్పలేదు. "ముగ్గురిలో ఒకరికి మళ్లీ వస్తుందట. రాకపోనూ వచ్చు."

"నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు వస్తే?"

"రా, కింద కూచో."

సోఫామీది దిండుని పిల్లగా చేశారు. ఒడీల్‌కి అది తమాషాగా ఉంది. మైలెన్ మొదటిసారి దిండుని ఒళ్లో పెట్టుకుని గట్టిగా కావలించుకుంది. "పట్టుకోకు," అంది జొసెట్. "కొట్టుకోనీ. కింద గట్టి నేలమీద, పక్కకి. చుట్టూ తగిలేవి తీసెయ్. నోట్లో ఏమీ వద్దు, నీళ్లూ వద్దు, మందూ వద్దు. గడియారం చూడు. అయిదు నిమిషాలు దాటితే, ఊపిరి సరిగా లేకపోతే, మళ్లీ వెంటనే వస్తే ఫోన్." రెండోసారి మైలెన్ బాగా చేసింది. మూడోసారి దిండుతో మాట్లాడింది కూడా. "అమ్మ ఇక్కడే ఉంది, అమ్మ ఇక్కడే ఉంది" అని. ఆ మాట తరగతిలో ఎవరూ నేర్పలేదు. జొసెట్ దాన్ని మనసులో రాసుకుంది.

లేచేటప్పుడు మైలెన్ చెయ్యి పట్టుకుని ఆపింది. "మరి అత్తయ్యకి ఎవరు చెప్తారు? వారానికి మూడు రోజులు పిల్ల ఆవిడ దగ్గరే ఉంటుంది. యానిక్ చెప్పబోతే, నీకు డాక్టరు ఎక్కువా నేనెక్కువా అంది. ఆ పుల్ల ఆవిడ జేబులో ఇంకా ఉంది జొసెట్."

గురువారం పొద్దున ఎర్నెస్టిన్ వంటగదిలో శనివారానికి బీన్స్ ఏరుతోంది. బల్లమీద తెల్లగా పోసి, ఒక చేత్తో లాగుతూ రాళ్లూ ముడుతలు పడ్డవీ పక్కకి తోస్తోంది. ఫెర్నాన్ ఎదురుగా కూచుని అదే పని సగం వేగంతో చేస్తున్నాడు. రాత్రి బాగా గడ్డకట్టింది. రసం మళ్లీ దిగుతోంది. అవతల యానిక్ పొయ్యిలోకి కట్టెలు వేస్తున్నాడు.

జొసెట్ బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"మదాం ఎర్నెస్టిన్, శనివారం మీ చెయ్యి పట్టుకుని తోశాను."

"గుర్తుంది. ఇంకా నీలంగానే ఉంది."

"ఎందుకో చెప్పకుండా తోశాను. అది తప్పు. క్షమించండి."

ఎర్నెస్టిన్ చెయ్యి ఆగింది. క్షమాపణ ఇంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. వచ్చేసరికి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సరేలే. తోసినందుకు..."

"తోసినందుకు కాదు. చెప్పనందుకు. మళ్లీ మీరు పుల్ల పెట్టబోతే మళ్లీ తోస్తాను. ఈసారి చెప్పి తోస్తాను."

ఫెర్నాన్ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గాడు.

"విన్నావా!" అంది ఎర్నెస్టిన్ తమ్ముడితో. "క్షమించమని వచ్చి బెదిరిస్తోంది." తర్వాత జొసెట్‌వైపు తిరిగింది. ఆమె గొంతులో అప్పటిదాకా ఉన్న దర్పం ఒక్కసారిగా తగ్గింది. "నీకేం తెలుసు? వీడికి రెండేళ్లప్పుడు వచ్చింది ఇదే. మా అమ్మ ఇంట్లో ఒక్కతే. నాకు అయిదేళ్లు. చెంచా, చెంచా తీసుకురా ఎర్నెస్టిన్ అని అరిచింది. నేను పరుగెత్తి తెచ్చాను. పళ్లమధ్య పెట్టింది. బతికాడు. ఇదిగో, ఇక్కడ కూచుని నా బీన్స్ పాడుచేస్తున్నాడు. నువ్వు తెచ్చావు గనకే మనకి ఫెర్నాన్ దక్కాడు అని మా అమ్మ చచ్చిపోయేదాకా చెప్పింది. ఇప్పుడు నువ్వొచ్చి ఆ చెంచా తప్పంటావు."

ఫెర్నాన్ నెమ్మదిగా మీసంతోపాటు పై పెదవిని పైకి ఎత్తి పట్టుకున్నాడు. పెదవి లోపల, పంటి చిగుళ్లదాకా, తెల్లటి మచ్చ ఉంది.

"ఎర్నెస్టిన్, ఇది ఏమిటనుకున్నావు?"

"గొర్రెపోతు పొడిచింది. అమ్మ చెప్పింది."

"మనకి గొర్రెలెప్పుడున్నాయి?"

ఆమె అతని పెదవివంక చాలాసేపు చూసింది. అరవై ఆరేళ్లుగా ఆ మొహాన్ని రోజూ చూస్తూనే ఉంది. ఆమె చేతికింద బీన్స్ ఒకటి రెండు దొర్లి కిందపడ్డాయి.

"నాకు చెప్పలేదేం?"

"ఏం చెప్పను? నువ్వు నన్ను బతికించానని అందరికీ చెప్తుంటావు. బాగానే ఉండేది వినడానికి. చెంచావల్ల బతికానో, చెంచా పెట్టినా బతికానో నాకేం తెలుసు? అప్పుడు నా వయసు రెండేళ్లు." మీసం వదిలేశాడు.

జొసెట్ బెంచీమీద ఎర్నెస్టిన్ పక్కన కూచుంది. పిలవకుండా ఆ బల్ల దగ్గర ఆమె కూచోవడం అదే మొదటిసారి.

"అయిదేళ్ల పిల్ల అమ్మ అరుపు వినగానే పరుగెత్తింది," అంది. "చాలామంది గుమ్మంలోనే ఉండిపోతారు. చెంచా సంగతి మీ అమ్మకి ఎవరూ చెప్పలేదు. అప్పటికి ఎవరికీ తెలియదు. పరుగెత్తడం మాత్రం తప్పు కాదు. శనివారం కూడా మీరే అందరికంటే ముందొచ్చారు. మీకు పని అప్పగించాల్సింది నేను. ఫోన్ చెయ్యడం మీ పని. జనాన్ని బయటికి పంపడం మీ పని. మీ గొంతు నాకు లేదు."

"అది నిజం," అన్నాడు ఫెర్నాన్. "ఆ గొంతుకి అంబులెన్సు ఫోన్ లేకుండానే వస్తుంది."

ఎర్నెస్టిన్ అతన్ని తిట్టలేదు. మిగిలిన బీన్స్ అన్నీ ఒక కుప్పగా లాగింది. ఎప్రన్‌కి చేతులు తుడుచుకుంది. లేచింది.

"నువ్వు నోటితో చెప్తే నాకు ఎక్కదు. పాకం పట్టడం కూడా నాకు ఎవరూ నోటితో చెప్పలేదు. చూపించు."

"దిండు తెస్తాను..."

"దిండెందుకు? నేను లేనా?"

ఆమె బల్ల అంచు పట్టుకుని ఒక మోకాలు వంచింది. తర్వాత రెండోది. ఫెర్నాన్ చెయ్యి అందించబోతే విదిలించింది. డెబ్భై ఒక్కేళ్ల ఆ పెద్దావిడ తన వంటగది నేలమీద, కడిగిన చెక్కమీద, వెల్లకిలా పడుకుని పైకప్పువంక చూసింది. కట్టెల చప్పుడు ఆగిపోయింది. యానిక్ తలుపులోనుంచి తొంగి చూశాడు.

"అమ్మా! ఏమైంది?"

"జ్వరం. నీ పనికి నువ్వు పో. కాదు, ఉండు. చూడు."

జొసెట్ మోకాళ్లమీద కూచుని, ఒక చెయ్యి భుజానికీ ఒకటి తుంటికీ వేసి, ఆమెని నెమ్మదిగా పక్కకి ఒత్తిగిలించింది. పెద్దావిడ చెంప చెక్కకి ఆనింది. కాలర్ గుండీ విప్పింది. బెంచీ జరిపింది. అన్నీ శనివారం చేసినట్టే, అదే వరసలో. తర్వాత గడియారంవైపు తలెత్తింది.

నేలమీదినుంచి గొంతు వినబడింది. చెంప నొక్కుకుపోయి మాట కాస్త ముద్దగా వచ్చింది.

"జొసెట్."

"ఆఁ."

"ఇక్కడినుంచి అన్నీ కాళ్లే కనిపిస్తున్నాయి. ఫెర్నాన్ బూట్లు, యానిక్ బూట్లు. బల్ల కాళ్లు. ఒక్క మొహమైనా లేదు. పిల్లకి కూడా ఇంతేనా?"

"అప్పుడు దానికి ఏమీ తెలియదు. తేరుకునేటప్పుడు మాత్రం ముందు కనిపించేది ఇదే అనుకుంటాను."

"అయితే మాట్లాడవేం? పైన్నించి చూస్తూ కూచుంటావా మళ్లీ?"

జొసెట్ గడియారంమీదినుంచి చూపు తిప్పింది. మోచేతులమీద వంగి, తన చెంప కూడా చెక్కకి ఆనించింది. రెండు మొహాలూ ఒకే ఎత్తుకి వచ్చాయి. అంత దగ్గరగా ఆమె ఎర్నెస్టిన్ కళ్లు ఎప్పుడూ చూడలేదు. బూడిదరంగు కళ్లు. తడిగా ఉన్నాయి.

"నేనిక్కడే ఉన్నాను," అంది. "ఇది దానంతటదే ఆగిపోతుంది. ఎవరూ మిమ్మల్ని పట్టుకోరు. ఎవరూ నోట్లో ఏమీ పెట్టరు. ఫెర్నాన్, నువ్వు గడియారం చూడు. యానిక్, నువ్వు ఫోన్ దగ్గర నిలబడు. నేనెక్కడికీ పోను."

ఫెర్నాన్ నిజంగానే గడియారం వంక తిరిగాడు. యానిక్ నిజంగానే ఫోన్ దగ్గరికి నడిచాడు.

"ఆ పొరుగింటి అమ్మాయిని శనివారం గిన్నెలకి పంపుతాను," అంది ఎర్నెస్టిన్, కదలకుండానే. "పిల్లల దగ్గర కూచుని ఫోనే చూసుకుంటోంది. నువ్వు నీ గదికి వెళ్లు. నీ ఇంటికి పిల్లల్ని పంపనన్నవాళ్లకి ఆదివారం చర్చి మెట్లమీద నేను చెప్తాను. నేను చెప్పిందే గదా, నేనే దిద్దుకుంటాను."

"సరే, మదాం."

"ఆగిపోయాక ఏం చెయ్యాలి?"

"పిల్ల నిద్రపోతుంది. మనం లేపకూడదు. పక్కనే కూచోవాలి."

"ఎంతసేపు?"

"తనంతట తాను లేచేదాకా."

ఎర్నెస్టిన్ కళ్లు మూసుకుంది. ఆమె వీపు ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది.

"అయితే కూచో," అంది.